సంతోషం మనసులో మాత్రమే లేదు

కాలేజీ వార్షికోత్సవానికి వచ్చిన ముఖ్య అతిథి ఆ మాటే చెబుతాడు. ఐటీ కంపెనీ రప్పించిన ట్రైనరూ అదే చెబుతాడు. టీవీలో ప్రవచనం చెప్పే స్వామీజీ, వ్యక్తిత్వ వికాస పుస్తకం రాసిన రచయిత, పొద్దున్నే ఫోన్‌లోకి వచ్చిపడే గుడ్ మార్నింగ్ మెసేజ్, అందరిదీ ఒకటే పాట. సంతోషం బయటెక్కడో లేదు, నీ మనసులోనే ఉంది. దృక్పథం మార్చుకో, జీవితం అదే మారుతుంది.

ఇంతమంది ఇన్నేళ్లుగా నమ్ముతున్న మాటను ఖండించబోయే ముందు దాని బలమేమిటో చూడాలి. ఈ వాదానికి నాలుగు మెట్లున్నాయి. మొదటిది: ఒకే కష్టంలో పడ్డ ఇద్దరిలో ఒకరు కుంగిపోతారు, ఒకరు నిలబడతారు, కాబట్టి తేడా మనసుదే. రెండోది: డబ్బున్నవాళ్లలో ఏడ్చేవాళ్లూ, లేనివాళ్లలో నవ్వేవాళ్లూ ఉన్నారు, కాబట్టి పరిస్థితులకూ సంతోషానికీ పెద్దగా సంబంధం లేదు. మూడోది: పరిస్థితులు మన చేతిలో లేవు, ఆలోచనలు ఉన్నాయి, కాబట్టి చేతిలో ఉన్నదాన్ని మార్చుకోవడమే తెలివి. నాలుగోది: బుద్ధుడి నుంచి గ్రీకు స్టోయిక్ తత్వవేత్తల దాకా పెద్దలంతా చెప్పింది ఇదే.

ఇందులో నిజం లేకపోలేదు. కుంగుబాటుతో బాధపడేవారికి కౌన్సెలింగ్ మేలు చేస్తుంది. కోపాన్ని, భయాన్ని అదుపులో పెట్టుకోగలిగినవారు కష్టాన్ని మెరుగ్గా దాటుతారు. దీనితో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ చిన్న నిజం మీద లేపిన పెద్ద సిద్ధాంతంతోనే. మనిషి క్షేమానికి మొదటి బాధ్యతా, చివరి బాధ్యతా అతడి మనసుదేనంటుంది ఆ సిద్ధాంతం. సమాజశాస్త్రం పోగుచేసిన ఆధారాలు గానీ, తత్వవేత్తల ఆలోచనలు గానీ దాన్ని బలపరచవు. ఒక్కో మెట్టూ తీసుకుని పరిశీలిస్తే ఆ సంగతి తెలుస్తుంది.

1. దృక్పథం ఎక్కడి నుంచి వస్తుంది?

ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గర్లో మారియెంతాల్ అనే గ్రామం ఉంది. అప్పట్లో అక్కడ 478 కుటుంబాలు ఒకే ఒక్క బట్టల మిల్లును నమ్ముకుని బతికేవి. 1929-30లో ఆ మిల్లు మూతపడింది. 1931-32లో మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ తమ బృందంతో ఆ ఊరిని అధ్యయనం చేశారు. 1933లో అది పుస్తకంగా వచ్చింది. నిరుద్యోగం మనిషిని ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే ఈనాటికీ చదవాల్సిన పుస్తకమది.

పని పోయినా తీరిక మిగులుతుంది కదా, కావలసినంత చదువుకోవచ్చు అనిపిస్తుంది. మారియెంతాల్ కార్మికుల గ్రంథాలయం పుస్తకాలకు వసూలు చేసే రుసుమును కూడా ఎత్తేసింది. అయినా జనం ఇంటికి తీసుకెళ్లే పుస్తకాలు రెండేళ్లలో దాదాపు సగానికి పడిపోయాయి. పరిశోధకులు ఎవరి కంటా పడకుండా, చేతిలో గడియారంతో, ఊరి వీధిలో నడిచేవాళ్ల వేగాన్ని కొలిచారు. మగవాళ్ల నడక మందగించింది. నాలుగడుగులు వేయడం, ఆగడం, ఎవరో ఒకరితో మాట కలపడం. తొందరగా చేరాల్సిన చోటు వాళ్లకు లేదు. వంటా వార్పూ తప్పని ఆడవాళ్లు వాళ్లకంటే వడివడిగా నడిచారు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఏం చేశారో రాసిమ్మంటే మగవాళ్లలో చాలామందికి రాయడానికి ఏమీ తోచలేదు.

ఈ వ్యాసానికి అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇప్పుడు వస్తుంది. పరిశోధకులు అక్కడి కుటుంబాలను మనోధైర్యాన్ని బట్టి నాలుగు రకాలుగా విడదీశారు. చెక్కుచెదరనివారు, సర్దుకుపోయినవారు, నిరాశలో పడ్డవారు, పూర్తిగా చేతులెత్తేసినవారు. తర్వాత ఒక్కో రకం కుటుంబాలకు నెలకు తలసరిన ఎంత వస్తోందో లెక్క కట్టారు. చెక్కుచెదరనివారికి 34 షిల్లింగులు, సర్దుకుపోయినవారికి 30, నిరాశలో పడ్డవారికి 25, చేతులెత్తేసినవారికి 19. నాలుగు నుంచి ఆరు షిల్లింగులు తగ్గినప్పుడల్లా దృక్పథం ఒక మెట్టు కిందికి దిగింది.

ఒకే కష్టంలో ఇద్దరు వేర్వేరుగా ఉంటారన్న వాదం ఇక్కడే తేలిపోతుంది. దూరం నుంచి చూసేవారికి ఆ ఊరివాళ్లందరిదీ ఒకే కష్టం, అందరూ పని పోయినవాళ్లే. దగ్గరికెళ్లి ఇంటిలోని రొట్టెను, చేతిలోని చిల్లరను లెక్కపెడితే అవి వేర్వేరు కష్టాలు. మనోబలం అని మెచ్చుకుంటున్నదానిలో పెద్ద భాగం, ఇంకా కొంత మిగిలి ఉండడం వల్ల వచ్చిన ధైర్యమే.

2. 40 శాతం లెక్క, లాటరీ కథ

ఈ వాదానికి శాస్త్రం పేరుతో రెండు ఆధారాలు చూపిస్తుంటారు. మొదటిది 2005లో సోన్యా ల్యూబోమిర్‌స్కీ, కెన్నన్ షెల్డన్, డేవిడ్ ష్కేడ్ రాసిన పరిశోధనా పత్రంలోది. సంతోషంలో 50 శాతం జన్యువులది, 10 శాతం పరిస్థితులది, 40 శాతం మన చేతల్లో ఉన్నది అన్న లెక్క అక్కడి నుంచే ప్రపంచమంతా పాకింది. వేదికల మీద వినిపించే అర్థం మాత్రం వేరు: నీ సంతోషంలో పరిస్థితుల వాటా పదో వంతే, ఇక ఫిర్యాదు మాను.

ఆ అంకెలు ఒక మనిషి సంతోషాన్ని ముక్కలు చేసి పంచినవి కావు. ఒక జనసమూహంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలలో దేని వాటా ఎంతో చెప్పే అంచనాలు. ఊళ్లో అందరూ ఫ్లోరైడ్ నీళ్లే తాగుతుంటే అక్కడివారి ఎముకల ఆరోగ్యంలోని తేడాలకు నీళ్లు కారణంగా కనబడవు, ఎందుకంటే నీళ్లు అందరికీ ఒకటే. అంతమాత్రాన నల్లగొండ పల్లెల్లో నడుములు వంచింది నీళ్లు కాదని ఎవరైనా అనగలరా? పరిస్థితుల్లో పెద్ద తేడాలు లేని జనాన్ని తీసుకుని కొలిస్తే పరిస్థితుల వాటా తక్కువగానే తేలుతుంది. 2019లో ఇతర పరిశోధకులు ఈ లోపాలను ఎత్తిచూపారు. అసలు రచయితల్లో ఇద్దరు కూడా అదే ఏడాది తమ పాత లెక్కను పునఃపరిశీలించి, ఆ అంకెలను అంత గట్టిగా పట్టుకోవద్దని సూచించారు. వేదికల మీది ఉపన్యాసాలకు ఆ సవరణ ఇంకా చేరలేదు.

రెండోది 1978 నాటి ఫిలిప్ బ్రిక్‌మన్ అధ్యయనం. లాటరీ గెలిచినవాళ్లూ, ప్రమాదంలో కాళ్లూ చేతులూ చచ్చుబడినవాళ్లూ కొంతకాలానికి ఒకే స్థాయి సంతోషానికి వస్తారని ఆ అధ్యయనం పేరిట కథ చెబుతారు. పత్రం తెరిచి చూస్తే అలా లేదు. అందులో ఉన్నది లాటరీ గెలిచినవారు 22 మంది, ప్రమాద బాధితులు 29 మంది, పోలిక కోసం మరో 22 మంది. ఐదుకు మార్కులు వేస్తే గెలిచినవారికి 4.00, మామూలువారికి 3.82, ప్రమాద బాధితులకు 2.96. బాధితులు బయటివారు ఊహించినంత దుఃఖంలో లేరన్నది నిజమే. మిగతావాళ్లతో సమానంగా ఉన్నారన్నది మాత్రం నిజం కాదు. 2020లో స్వీడన్‌లో వేల మంది లాటరీ విజేతలను పరిశీలించిన పెద్ద అధ్యయనం, పెద్ద మొత్తం గెలిచినవారి జీవన సంతృప్తి ఏళ్ల తర్వాత కూడా ఎక్కువగానే ఉందని తేల్చింది.

3. ‘బాగానే ఉన్నాం’ అన్న జవాబు

పేదవాడు నవ్వుతున్నాడు కదా అన్న రెండో మెట్టుకు ఆర్థికవేత్త అమర్త్యసేన్ ఏనాడో జవాబిచ్చాడు. బెంగాల్ కరువు వచ్చిన మరుసటి ఏడాది, 1944లో, కలకత్తా దగ్గరి సింగూరులో ఒక ఆరోగ్య సర్వే జరిగింది. భార్య పోయిన మగవాళ్లను, భర్త పోయిన ఆడవాళ్లను వాళ్ల ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు. ఒంట్లో బాగోలేదనో, అంతంత మాత్రంగా ఉందనో చెప్పిన మగవాళ్లు 48.5 శాతం. అలా చెప్పిన వితంతువులు 2.5 శాతం.

ఆ రోజుల్లో బెంగాల్ వితంతువు తినే తిండీ, ఇంట్లో ఆమెకున్న స్థానమూ తెలిసినవారెవరూ ఆమె మగవాడికంటే ఇరవై రెట్లు ఆరోగ్యంగా ఉందని నమ్మరు. ఆమెకు ఫిర్యాదు చేసే అలవాటే లేకుండా చేశారు. తనకూ ఒక ఒళ్లుందనీ, దాని బాధ లెక్కలోకి వస్తుందనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. మన ఇళ్లలోనూ అందరికీ వడ్డించి చివర మిగిలింది తినే తల్లులను అడిగితే ‘నాకేం, బాగానే ఉన్నా’ అనే అంటారు.

సేన్ ఇంకో పోలిక కూడా చూపించాడు. జబ్బు చేసిందని చెప్పుకునేవారు బిహార్‌లో కంటే కేరళలో ఎక్కువ. ఆయుర్దాయం కూడా కేరళలోనే ఎక్కువ. చదువూ, ఆసుపత్రీ అందుబాటులో ఉన్నచోట మనిషి నొప్పిని నొప్పిగా గుర్తిస్తాడు. అవి లేనిచోట అదే మామూలు బతుకనుకుంటాడు. మనసుకు అనిపించిందే క్షేమానికి కొలత అయితే, ఎక్కువ అణచివేతకు అలవాటుపడినవాళ్లే ఎక్కువ సుఖంగా ఉన్నట్టు లెక్క తేలుతుంది. అందుకే సేన్ ఎలా అనిపిస్తోందని అడిగి ఊరుకోలేదు. మనిషి నిజంగా ఏం చేయగలుగుతున్నాడు, ఏం కాగలుగుతున్నాడు అన్నదాన్ని కొలవాలన్నాడు.

4. నెలజీతం ఉన్నవాడి గుండె సంగతి

ఇవన్నీ కటిక పేదల గోడు, తిండికి లోటులేని ఉద్యోగులకు సమస్య మనసులోనే కదా అని ఎవరైనా అడగవచ్చు. దానికి జవాబు లండన్ ప్రభుత్వ కార్యాలయాల్లో దొరికింది. 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం దాదాపు 18 వేల మంది బ్రిటిష్ ప్రభుత్వోద్యోగులను పరిశీలించింది. వీళ్లంతా మగవాళ్లు, అందరికీ స్థిరమైన ఉద్యోగం, వైద్యం ఉచితం. అయినా మెట్టు మెట్టుకూ మరణాల రేటు మారింది. అట్టడుగున ఉన్న మెసెంజర్లు, ద్వారపాలకులలో గుండెజబ్బు మరణాలు పైమెట్టు అధికారులకంటే మూడు రెట్లకు పైగా ఉన్నాయి. సిగరెట్లు, రక్తపోటు, కొలెస్టరాల్ వంటివన్నీ కలిపినా ఆ తేడాలో కొంత భాగానికే కారణం దొరికింది.

1985లో మొదలైన రెండో వైట్‌హాల్ అధ్యయనంలో మైఖేల్ మార్మట్ బృందం మరో కారణాన్ని పట్టుకుంది. తన పని మీద తనకు ఎంత పట్టు ఉందన్నదే అది. ఏ పని ముందు చేయాలో, ఎలా చేయాలో నిర్ణయించుకునే వీలు తక్కువగా ఉన్నవారికి గుండెజబ్బు ముప్పు ఎక్కువ. ఒత్తిడికి కారణం పని అప్పగించే పద్ధతిలోనే ఉన్నప్పుడు, వారాంతంలో పెట్టే ‘స్ట్రెస్ మేనేజ్‌మెంట్’ క్లాసు ఉద్యోగి ఊపిరిని సరిచేస్తుంది గానీ టార్గెట్‌ను, షిఫ్టును, అర్ధరాత్రి వచ్చే ఫోన్‌ను ముట్టుకోదు.

5. పెద్దల పేరు చెప్పి చేసే అన్యాయం

తత్వవేత్తలంతా తమ పక్షమేనన్నది ఈ వాదులకు పెద్ద దన్ను. గ్రంథాలు మాత్రం వేరే సాక్ష్యం చెబుతాయి.

అరిస్టాటిల్ ‘నికొమాకియన్ ఎథిక్స్’లో మంచి జీవితానికి సద్గుణాన్ని పునాదిగా పెట్టాడు. స్నేహితులు, కొంత సంపద, కొంత అదృష్టం లేకుండా అది నిండదని కూడా తేల్చాడు. చిత్రహింస పెడుతున్నా మంచివాడు సుఖంగానే ఉంటాడనేవాళ్లవి అర్థంలేని మాటలని మొహమాటం లేకుండా కొట్టిపారేశాడు.

స్టోయిక్కులలో ఎపిక్టీటస్‌ను ఎక్కువగా తలుస్తారు. అతడు బానిసగా పుట్టినవాడు. మన చేతిలో ఉన్నదేదో లేనిదేదో తెలుసుకొమ్మన్నది అతడి బోధ. అయితే ఆ నిబ్బరాన్ని ఒక బానిస తనకు తాను కూడగట్టుకోవడం వేరు, యజమాని వచ్చి బానిసకు దాన్ని బోధించడం వేరు. పైగా స్టోయిక్కులు తోటి మనుషుల పట్ల కర్తవ్యాన్ని తమ బోధలో విడదీయరాని భాగంగా చేశారు. ఆ సగం తీసేసి మిగతా సగాన్ని అమ్ముతున్నారు.

బుద్ధుడి విషయంలో జరుగుతున్న అన్యాయం ఇంకా పెద్దది. బౌద్ధ గ్రంథం దీఘనికాయంలోని కూటదంత సుత్తంలో ఒక రాజు కథ ఉంది. రాజ్యంలో దోపిడీలు పెరిగాయి. దొంగలను చంపడం, చెరలో వేయడం వల్ల అవి ఆగవని పురోహితుడు రాజుకు చెబుతాడు. సాగు చేసేవారికి విత్తనాలు, వర్తకులకు పెట్టుబడి, కొలువు చేసేవారికి తగిన జీతం ఇమ్మంటాడు. రాజు అలా చేశాక జనం తలుపులు తీసి పెట్టుకుని, పిల్లలను ఆడించుకుంటూ నిశ్చింతగా బతికారని ఆ కథ. దుఃఖానికి మూలం తృష్ణ అన్న బుద్ధుడి పేరిటే వచ్చిన ఉపదేశమిది.

తెలుగు నేలకు దగ్గరివాడైన ఆచార్య నాగార్జునుడిదీ అదే దారి. సాతవాహన రాజుకు చెప్పినదిగా సంప్రదాయం భావించే ‘రత్నావళి’లో శూన్యవాద చర్చ ఉంది. దాని పక్కనే ఆపదలో పడ్డ రైతుకు పన్ను తగ్గించమనీ, బాటసారులకు నీళ్లు ఏర్పాటు చేయమనీ, గుడ్డివారినీ రోగులనూ ఆదుకోమనీ, చెరలో ఉన్నవారికి సైతం తిండి, నీళ్లు, వైద్యం, స్నానం, క్షురకుడు ఉండాలనీ రాజుకు సలహాలున్నాయి. అంతటి తాత్వికుడు ఖైదీ క్షవరం దాకా ఆలోచించాడు.

విక్టర్ ఫ్రాంకెల్ పేరు కూడా తరచూ వినిపిస్తుంది. నాజీ క్యాంపుల నుంచి బతికి వచ్చిన ఆ మనోవైద్యుడు, బతికి బయటపడడంలో అదృష్టం పాత్ర ఎంతో దాచలేదు. తమలో ఉత్తములు తిరిగి రాలేదని తానే రాశాడు. క్యాంపుల్లో పోయినవారికి దృక్పథం చాలలేదని అతడి పేరు మీద చెప్పడం చనిపోయినవారిని అవమానించడమే.

6. నింద ఎవరి మీద పడుతోంది?

ఈ సిద్ధాంతం పొరపాటు మాత్రమే అయితే పండితులు తేల్చుకునేవారు. కానీ దీనివల్ల బాధపడేవాడే దోషి అవుతున్నాడు. సంతోషం నీ చేతుల్లోనే ఉందంటే, దుఃఖంలో ఉన్నవాడు చేతకానివాడని తీర్పు చెప్పినట్టే.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. మూడు లక్షల మందికి పైగా తప్పారు. ఆ తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల్లో తప్పులు దొర్లాయని తల్లిదండ్రులు రోడ్డెక్కారు. ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వేశారు. తిరిగి చూస్తే ఆమెకు వచ్చినవి 99. తప్పినవారి జవాబు పత్రాలన్నీ మళ్లీ పరిశీలిస్తే వెయ్యి మందికి పైగా ఉత్తీర్ణులని తేలింది. ఆ రోజుల్లో ఎటు చూసినా పిల్లలకు ఓటమిని తట్టుకునే మనోధైర్యం నేర్పాలన్న సలహాలే. నేర్పాలి, కాదనేదేముంది? అయితే ముందు లెక్క సరిగ్గా వేయాల్సినవారు, ఒక్క పరీక్షను బతుకుకు చావుకు మధ్య గీతగా మార్చినవారు ఆ సలహాల చాటున తప్పించుకున్నారు.

ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ 1897లోనే ఈ చిక్కుముడి విప్పాడు. ఆత్మహత్యంత ఒంటరి నిర్ణయం మరొకటి లేదనిపిస్తుంది. కానీ ఐరోపా దేశాల లెక్కలు వరసగా పరిచి చూస్తే ఒక్కో సమాజంలో ఆ రేటు ఏడాదికేడాది ఇంచుమించు నిలకడగా ఉంది. చనిపోయే మనుషులు వేరు, రేటు మాత్రం అదే. మత సమూహాన్ని బట్టి, కుటుంబ బంధాలను బట్టి, ఆర్థిక కుదుపులను బట్టి అది మారుతోంది. విడివిడి మనసుల బలహీనతే కారణమైతే ఈ క్రమం ఉండదు.

కౌలు రైతు సంగతి చూడండి. పట్టాదారు పాసుపుస్తకం భూయజమాని పేరు మీద ఉంటుంది. బ్యాంకు అప్పు, నష్టపరిహారం, ప్రభుత్వం ఎకరానికింత అని ఇచ్చే సాయం చాలావరకు ఆ పుస్తకం వెంటే పోతాయి. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు పథకం కౌలుదారులను లెక్కలోకే తీసుకోలేదు. దుక్కి దున్ని, విత్తనం కొని, పురుగుమందు అప్పుతెచ్చి, కౌలు ముందే చెల్లించినవాడికి మిగిలింది వడ్డీ వ్యాపారి గుమ్మమే. అతడి నిద్ర పోగొట్టింది ఆలోచనా విధానం కాదు, చేతిలో లేని ఒక కాగితం. ఆ కాగితం ఇవ్వగలిగినవారు కౌన్సెలింగ్ గురించి మాట్లాడి సరిపెట్టుకోవడం బాధ్యత ఎగవేయడమే.

7. పరిస్థితులు మారవని ఎవరన్నారు?

ఇక మూడో మెట్టు. పరిస్థితులు మన చేతిలో లేవు, మనసొక్కటే ఉంది. ఒంటరి మనిషి విషయంలో ఇది చాలావరకు నిజం. అందుకే ఈ సిద్ధాంతం మనిషిని ముందు ఒంటరిని చేసి, ఆ తర్వాత నీ చేతిలో ఏముందని అడుగుతుంది.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లను ఇలా ఒంటరి చేసి ఉంటే ఏమయ్యేది? భర్త కూలి డబ్బంతా సారా కొట్లో పోసి వచ్చి కొడుతుంటే, ఓర్చుకొమ్మని చెప్పే మనిషి ప్రతి ఇంటికీ దొరికేవాడు. 1990ల మొదట్లో అక్షరదీపం రాత్రి బడులు వాళ్లను ఒకచోట కూర్చోబెట్టాయి. వాచకంలోని సీతమ్మ కథ చదువుతూ అది తమ ఇంటి కథేనని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఎవరి గుట్టు వారిదిగా దాచుకున్న దెబ్బలు అందరివీ ఒకటేనని తెలిసింది. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నడవగా ఊళ్లో సారా కొట్టు మూయించారు. ఉద్యమం జిల్లా దాటింది, రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో మద్య నిషేధాన్ని ఎత్తేశారు, అది వేరే పోరాటం. కానీ ఆ ఆడవాళ్ల బతుకులో ఆ కాలాన వచ్చిన మార్పు ధ్యానం వల్ల రాలేదు. కలిసి కూర్చోవడం వల్ల, కలిసి అడగడం వల్ల వచ్చింది. వాళ్ల మనోధైర్యం కూడా ఆ కలయికలోంచే పుట్టింది.

అమెరికన్ సమాజశాస్త్రవేత్త సి. రైట్ మిల్స్ 1959లో వివరించిన పద్ధతి ఇదే. లక్షమంది ఉన్న ఊళ్లో ఒక్కడికి పని లేకపోతే అతడి నైపుణ్యాన్నీ స్వభావాన్నీ చూడవచ్చు. కోట్ల మందికి పని లేకపోతే చూడాల్సింది ఆర్థిక వ్యవస్థను. తన గోడును నలుగురి గోడుతో కలిపి చూడగలగడమే మనిషికి కావలసిన మొదటి చదువు.

కాబట్టి ఇకపై అడగాల్సిన ప్రశ్నలు మారాలి. మోటివేషన్ క్లాసు పెట్టే రెసిడెన్షియల్ కాలేజీ, తన విద్యార్థులు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారో, వారానికి ఎన్ని గంటలు ఆడుకుంటున్నారో ముందు తల్లిదండ్రులకు రాసివ్వాలి. ధ్యాన శిబిరం నడిపే కంపెనీ తన ఉద్యోగుల అసలు పనిగంటలను బయటపెట్టాలి. రైతుకు ధైర్యం చెప్పే ప్రభుత్వం, ఊళ్లో ఎందరు కౌలుదారులకు గుర్తింపు కార్డు, బ్యాంకు అప్పు అందాయో గ్రామసభలో చదివి వినిపించాలి. ఈ లెక్కలు చూపించనివారికి ఇతరుల మనసుల గురించి ఉపన్యసించే అర్హత లేదు. వారి వేదికలకు వెళ్లే అధ్యాపకులూ, వైద్యులూ, రచయితలూ ముందుగా ఈ లెక్కలే అడగాలి, ఇవ్వకపోతే ఆ ఆహ్వానాన్ని తిప్పిపంపాలి.